ట్రాక్టరు రైతుకు గట్టి సాకెట్టు సెట్టు

 

ఈనాటి ప్రసంగంలో నేను విత్తనాన్ని గురించి గాని, ఎరువును గురించి గాని, చీడపీడలను గురించి గాని చెప్పబోవడం లేదు. బోల్టులు విప్పే పనిముట్టును గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. వ్యవసాయ విస్తరణాధికారికి పానాలతో పనేమిటని మీరు అడగవచ్చు. “అదనెరిగి సేద్యం, పదునెరిగి పైరు” అని మన పెద్దలు చెప్పిన మాట మీకు తెలిసిందే. ఎడ్లతో దున్నే రోజుల్లో అదును మన చేతిలో, ఎద్దు ఒంట్లో వుండేది. ఇప్పుడు మన పొలాల్లో ఎక్కువ భాగం ట్రాక్టరే దున్నుతున్నది. రోటవేటరు కత్తి ఒకటి వదులైతే, కల్టివేటరు బోల్టు ఒకటి తెగితే, ఆ పూటకు సేద్యం ఆగినట్టే. ఆ బోల్టు పావుగంటలో విప్పి కొత్తది వేసుకోగలిగితే పని నష్టం లేదు. విప్పలేకపోతే బండిని పట్నానికి తరలించాలి. ఈలోగా పదును ఆరిపోతుంది, లేదా పెద్దవాన పడి చేనులో అడుగుపెట్టే వీలుండదు. కనుక చేతిలో వుండే పానా మంచిదా చెడ్డదా అన్నది కూడా సేద్యం సంగతే.

ముందుగా ఈ పనిముట్టు ఏమిటో చెప్పుకుందాం. సాకెట్టును మన మెకానిక్కులు గోటీ అంటారు. ఒక చివర బోల్టు తల పట్టే గుంట, రెండో చివర చదరపు రంధ్రం వుంటాయి. ఆ చదరపు రంధ్రంలో పిడి దూర్చి తిప్పుతాము. ఒకే పిడికి ఎన్ని గోటీలైనా మార్చుకోవచ్చు. 1920లో అమెరికాలోని మిల్వాకీ పట్టణంలో జోసెఫ్ జాన్సన్ అనే ఆయన, తన తోటివాడు విలియం సైడ్‌మన్‌తో కలిసి ఇటువంటి మార్పిడి సాకెట్ల వ్యాపారం మొదలుపెట్టాడు. అయిదు పిడులు, పది గోటీలు, అంతే. ఏ పిడికైనా ఏ గోటీ అయినా పడుతుంది గనుక ఆ పదిహేను ముక్కలు యాభై పానాల పని చేస్తాయన్నది ఆయన లెక్క. తక్కువ ముక్కలతో ఎక్కువ పని అన్నదే ఈ సెట్టు పుట్టుకలో వున్న ఆలోచన. ఈనాడు బజారులో జరుగుతున్నది దానికి తలకిందులు. నూరు ముక్కలు, నూట ఎనిమిది ముక్కలు అని పెట్టె మూత తెరిచి చూపిస్తారు. తళతళా మెరుస్తుంటాయి. వాటిలో చాలా భాగం చిన్న చిన్న స్క్రూడ్రైవరు మొనలు, వేలెడంత కూడా లేని గోటీలు. ట్రాక్టరుకు అవి చాలా అరుదుగా అవసరపడతాయి. మనకు రోజూ కావలసినవి పది పదిహేను మించవు. ఆ పది పదిహేనూ గట్టివైతే చాలు. నేను ఈ ప్రసంగంలో చెప్పదలచింది ఈ ఒక్క మాటే: పెట్టెలో ముక్కలు లెక్కపెట్టకండి, మీ బండి బోల్టులు లెక్కపెట్టండి.

ఎట్లా లెక్కపెట్టాలి? ఒక తీరికైన రోజున బండిని కడిగి, నోటుపుస్తకం దగ్గర పెట్టుకుని, ఇంట్లోవారిలో ఒకరిని సాయం పిలవండి. ముందు చక్రాల నట్లు, వెనుక చక్రాల నట్లు, డీజిలు ఫిల్టరు, ఇంజను ఆయిలు దించే బోల్టు, బ్యాటరీ తీగల బోల్టులు, రోటవేటరు కత్తులు, కల్టివేటరు కర్రులు, ట్రాలీ కొక్కెం. ఒక్కొక్కదాని తల కొలిచి పుస్తకంలో రాయండి. కొలవడానికి వెర్నియరు లేకపోతే, తెలిసిన మెకానిక్కు పానాలు ఒక్క పూటకు అడిగి తెచ్చుకుని, ఏది బిగువుగా పడితే ఆ నెంబరు రాసుకోండి.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. గోటీ మీద వుండే నెంబరు బోల్టు లావు కాదు. బోల్టు తలకు ఎదురెదురుగా వున్న రెండు చదును ముఖాల మధ్య దూరం. 8 మిల్లీమీటర్ల లావు బోల్టుకు 13 నెంబరు గోటీ పడుతుంది. 10 మిల్లీమీటర్ల బోల్టుకు పాత పద్ధతిలో 17, కొత్త అంతర్జాతీయ పద్ధతిలో 16. 12 బోల్టుకు పాత పద్ధతిలో 19, కొత్త పద్ధతిలో 18. 14 బోల్టుకు 22 లేదా 21. 16 బోల్టుకు 24. జపాను పద్ధతి బండ్లలో తలలు ఇంకా చిన్నవి: 8 బోల్టుకు 12, 10 బోల్టుకు 14, 12 బోల్టుకు 17. కాబట్టి పక్కింటివారి బండికి సరిపోయిన సెట్టు మీ బండికి సరిపోతుందని అనుకోవద్దు.

ఇక అంగుళాల సంగతి. మన దేశంలో తూనికలు, కొలతల చట్టం 1956లో వచ్చి మీటరు పద్ధతి ప్రవేశించింది. కాని యంత్రాలు అంత తొందరగా మారలేదు. 1960లో స్థాపించిన టాఫే సంస్థ బ్రిటిషు మూలం గల మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు తయారుచేసింది. 1963లో మహీంద్రావారు అమెరికా వారి ఇంటర్నేషనల్ హార్వెస్టరు కంపెనీతో కలిసి బి-275 ట్రాక్టరు మొదలుపెట్టారు. ఆ వంశపు బండ్లలో, ముఖ్యంగా పాతవాటిలో, అంగుళాల బోల్టులు కనపడతాయి. జర్మన్ సహకారంతో 1959లో ఫరీదాబాదులో మొదలైన ఐషర్, చెక్ దేశపు జెటార్ నమూనాతో 1971లో పింజోరులో మొదలైన హెచ్.ఎం.టి. బండ్లు మిల్లీమీటర్ల దారిలో నడిచాయి. హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల తయారీ 2016లో నిలిచిపోయినా ఆ బండ్లు పల్లెల్లో ఇంకా తిరుగుతూనే వున్నాయి.

అంగుళాల బోల్టుకు మిల్లీమీటర్ల గోటీ పెడితే ఏమవుతుంది? కొన్నిటికి నష్టం లేదు. ముప్పావు అంగుళం, అనగా మెకానిక్కుల భాషలో ఆరు సూత్, 19.05 మిల్లీమీటర్లు, దానికి 19 నెంబరు దాదాపు సరిగ్గా పడుతుంది. అయిదు సూత్ 15.9 మిల్లీమీటర్లు; 16 నెంబరు చక్కగా పట్టుతుంది. నాలుగు సూత్, అనగా అర అంగుళం, 12.7, దీనికి 13 కొంచెం వదులు. నాలుగున్నర సూత్ అయితే 14.3, దీనికి 14 ఎక్కదు, 15 పెడితే జారుతుంది. ఇట్లా జారే సైజులు మీ పుస్తకంలో వుంటే ఆ రెండు మూడింటికి మాత్రం అంగుళాల గోటీలు విడిగా కొనండి. అంగుళాల సెట్టు మొత్తం కొనవలసిన పని లేదు.

రెండవ విషయం, గుంట ఆకారం. గోటీ లోపలికి చూడండి. కొన్నిటికి ఆరు మూలలు, కొన్నిటికి పన్నెండు మూలలు వుంటాయి. పన్నెండు మూలల గోటీ ఎటు పెట్టినా తొందరగా ఎక్కుతుంది. కాని అది బోల్టు తలను మూలల దగ్గరే ఒత్తి పట్టుతుంది. ఆరు మూలల గోటీ బోల్టు చదును ముఖాలను ఎక్కువ మేర ఆనుకుంటుంది. మట్టి, నీరు, తుప్పు పట్టిన సేద్యపు బోల్టులకు ఈ తేడా చాలా పెద్దది. మూలలు అరిగిన బోల్టు తల గుండ్రమైపోతే ఇక దానికి ఏ పానా పట్టదు; ఉలి పెట్టి కొట్టాలి, లేదా గ్రైండరుతో కోయాలి. మంచి గోటీల్లో మూలలు కొంచెం లోనికి తొలిచి, బలమంతా ముఖాల మీద పడేటట్లు చేస్తారు. అటువంటివి దొరికితే ఇంకా మేలు.

మా క్లస్టరులో ఒక రైతు వానాకాలం దుక్కి మధ్యలో రోటవేటరు కత్తి మార్చబోయారు. కొత్త పెట్టె, నూట ఎనిమిది ముక్కలు. 19 నెంబరు గోటీ పెట్టి తిప్పితే, నట్టు కదలలేదు గాని గోటీ అంచు విచ్చుకుని నట్టు మూలలు గుండ్రమైనాయి. కోత మిషను వున్న చోటికి రోటవేటరును తీసుకువెళ్లి తేవడంతో పొద్దు గూకింది. ఆ రాత్రి వాన కురిసింది. తరువాత అయిదు రోజులు ఆ నల్లరేగడిలో చక్రం పెట్టే వీలు లేకపోయింది. “సారూ, డబ్బాల నూటెనిమిది ముక్కలున్నయి, పనికొచ్చేది ఒక్కటి లేకపాయె” అన్నారాయన. ఆయన నష్టం పెట్టె వెల కాదు, అయిదు రోజుల అదును.

మూడవ విషయం, చదరపు రంధ్రం కొలత. దీన్నే డ్రైవు అంటారు. పావు అంగుళం, మూడు సూత్, అర అంగుళం, ముప్పావు అంగుళం, అంగుళం అని అయిదు కొలతలు వాడుకలో వున్నాయి. వీటినే మిల్లీమీటర్లలో 6.3, 10, 12.5, 20, 25 అని రాస్తారు. ట్రాక్టరు రైతుకు మొదట కావలసింది అర అంగుళం డ్రైవు. 10 నుంచి 32 వరకు గోటీలు దీనిలో దొరుకుతాయి. మోటారు సైకిలు, పంపుసెట్టు, తైవాను స్ప్రేయరు ఎక్కువగా విప్పేవారికి మూడు సూత్‌ల డ్రైవు చేతికి తేలికగా వుంటుంది. వెనుక చక్రాల నట్లకు, బాగా బిగిసిన పెద్ద బోల్టులకు ముప్పావు అంగుళం డ్రైవు కావాలి. కాని అది ప్రతి ఇంటికీ అక్కరలేదు. ఆ సంగతి తరువాత చెబుతాను.

నాలుగవది, ఉక్కు. మంచి చేతి గోటీలు క్రోమ్ వెనేడియం ఉక్కుతో చేస్తారు. వెనేడియం కొద్దిపాటి కలిసినా ఉక్కు గట్టిపడి, దెబ్బకు తట్టుకునే గుణం వస్తుంది. 1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టి కారు తేలికగా వుండి కూడా గతుకుల దారులకు తట్టుకోవడానికి ఈ వెనేడియం ఉక్కు ఒక కారణం. అయితే ఉక్కు పేరు ఒక్కటే చాలదు. దాన్ని కాల్చి, చల్లార్చి, మళ్లీ సన్నని వేడి మీద పదును పెట్టడం సరిగా జరగాలి. పదును తక్కువైతే గోటీ సాగి విచ్చుకుంటుంది. మరీ ఎక్కువైతే గాజులాగా పగులుతుంది. మన కొడవలికి కమ్మరి పెట్టే పదును లాంటిదే ఇది. గోటీ మీద క్రోమ్ వెనేడియం అని లోహంలోనే అచ్చు కొట్టి వుండాలి. పెట్టె మీద కాగితం అతికించి వుంటే అది సాక్ష్యం కాదు. అచ్చు కూడా నకిలీ కావచ్చు గనుక తయారుచేసినవారి పేరు, సైజు, ఉక్కు గుర్తు మూడూ స్పష్టంగా, ఒకే తీరుగా అన్ని ముక్కల మీద వున్నాయో లేదో చూడండి. కొందరు ఆకురాయితో గీసి చూస్తారు. పైన వేసిన క్రోమియం పూతే చాలా గట్టిది గనుక ఆ గీత లోపలి ఉక్కును గురించి ఏమీ చెప్పదు.

నల్లగా, మందంగా వుండే మరొక రకం గోటీలున్నాయి. ఇవి సాధారణంగా క్రోమ్ మాలిబ్డినం ఉక్కువి. టైర్ల షాపుల్లో గాలి తుపాకీతో నట్లు విప్పుతారు చూడండి, ఆ పనికి ఇవి వాడాలి. ఆ తుపాకీ క్షణానికి అనేక దెబ్బలు కొడుతుంది. మెరిసే చేతి గోటీని దానికి తగిలిస్తే పగిలి ముక్క కంటికి తగలవచ్చు. టైరు షాపువారు మీ పెట్టెలో గోటీ అడిగితే ఇవ్వకండి.

అయిదవది, పిడి. కటకటమని చప్పుడు చేస్తూ ఒక దిక్కుకే తిప్పే పిడిని రాచెట్టు అంటాము. దాని లోపల పళ్ల చక్రం వుంటుంది. 24 పళ్లుంటే పిడిని 15 డిగ్రీలు వెనక్కి తిప్పితే గాని తరువాతి పన్ను అందదు. 72 పళ్లుంటే 5 డిగ్రీలు చాలు. ఇరుకు చోట 72 పళ్లది సుఖం. కాని పళ్లు సన్నమైన కొద్దీ దుమ్ము, మట్టి చొరబడితే జారే అవకాశం ఎక్కువ. పొలంలో వాడే అర అంగుళం రాచెట్టుకు 36, 45 పళ్ల రకాలు మధ్యస్థంగా బాగుంటాయి. మూత స్క్రూలతో విప్పి కడుక్కోగలిగేదిగా వుండాలి.

అయితే, బిగుసుకున్న బోల్టును మొదట కదిలించేది రాచెట్టు కాకూడదు. దానికి పొడవైన పిడి వేరే వుండాలి. లెక్క చూడండి. పావు మీటరు పిడి చివర నలభై కిలోల బలంతో లాగితే బోల్టు మీద పడేది పది కిలో-మీటర్ల మెలి. అర మీటరు పిడి అయితే అదే బలానికి ఇరవై. మీటరు గొట్టం రాచెట్టుకు తొడిగితే నలభై. ఆ నలభై మెలి అంతా లోపల వేలిగోరంత పన్ను మీద పడుతుంది. అది విరుగుతుంది, మన చేయి పోయి ఇనుముకు తగులుతుంది. కనుక మొదటి కదలికకు అర మీటరు గట్టి పిడి, కదిలిన తరువాత తొందర పనికి రాచెట్టు. ఈ రెండూ వుంటే గోటీలు పదేళ్లు మన్నుతాయి.

ఇప్పుడు కొనుగోలు సంగతి. హైదరాబాదుకు తూర్పున వున్న రైతులకు దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ దారి బాగా ఎరుకైనదే. ఎల్.బి.నగర్ కూడలి నుంచి ఒక దారి హయత్‌నగర్, చౌటుప్పల్ మీదుగా విజయవాడకు, ఇంకొక దారి సాగర్ రింగ్ రోడ్డు మీదుగా ఇబ్రహీంపట్నం వైపు పోతుంది. కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు వున్నన్నాళ్లు బత్తాయి, మామిడి బండ్లతో రైతులు అక్కడికే వచ్చేవారు. ఇప్పుడు ఆ మార్కెట్టు బాటసింగారం తరలిపోయింది. అయినా సరూర్‌నగర్, వనస్థలిపురం రైతుబజార్లకు కూరగాయలు తెచ్చేవారు తిరుగు ప్రయాణంలో ఇక్కడే సామాను కొంటారు. వనస్థలిపురం దాటాక విజయవాడ దారిన ఆటోనగర్ వుంది. లారీలు విప్పి బిగించే చోటు. అక్కడ పనిచేసే మేస్త్రీల చేతిలో ఏళ్ల తరబడి అరిగిన గోటీలు ఏ గుర్తువో ఒక్కసారి చూడండి. “అన్నా, ఇది ఎన్నేళ్ల కింద కొన్నవు?” అని అడగండి. దుకాణదారు చెప్పేదానికంటె అదే మంచి సలహా.

మన దేశంలో చేతి పనిముట్ల తయారీకి పంజాబులోని జలంధరు, లుధియానా, మహారాష్ట్రలోని నాసిక్ పేరుపొందిన చోట్లు. పేరున్న కంపెనీల గోటీలు విడిగా, ఒక్కొక్కటిగా కూడా అమ్ముతారు. ఇది చాలా ముఖ్యం. ఒక గోటీ పోతే, పగిలితే, అదే రకం ఒకటి దొరకాలి. పేరులేని పెట్టెలో ఒకటి పోతే దాని జోడు దొరకదు. రోడ్డు పక్క పరచి అమ్మే పెట్టెల్లో చెడ్డవే వుంటాయని నేను అనను గాని, రేపు అడగడానికి అక్కడ మనిషి వుండడు, చూపడానికి మన దగ్గర రశీదు వుండదు.

దుకాణానికి ఉత్త చేతులతో పోవద్దు. మీ పుస్తకం తీసుకుపోండి. మీ బండివి అరగని కొత్త నట్లు నాలుగు జేబులో వేసుకుపోండి. అక్కడ ఈ పరీక్షలు చేయండి.

ఒకటి: నట్టును గోటీలో పెట్టి వేళ్లతో అటూ ఇటూ ఆడించండి. సులువుగా ఎక్కాలి, కాని ఆట చాలా తక్కువ వుండాలి.

రెండు: గోటీ నోటివైపు నుంచి చూడండి. గోడ మందం చుట్టూ ఒకే తీరుగా వుండాలి. ఒక పక్క పలచన, ఒక పక్క మందం అయితే పలచని చోటే పగులుతుంది.

మూడు: గుంట లోతు చూడండి. నట్టు మొత్తం లోపలికి దిగాలి. పై అంచున మాత్రమే పట్టే గోటీ జారుతుంది.

నాలుగు: పిడికి గోటీ తగిలించి తలకిందులుగా పట్టుకోండి. చిన్న గుండు దాన్ని నిలపాలి, రాలి పడకూడదు.

అయిదు: రాచెట్టును రెండు దిక్కులా నెమ్మదిగా తిప్పండి. చప్పుడు ఒకే తీరుగా రావాలి. మీట తనంతట తాను మారకూడదు.

ఆరు: పూత మీద పొక్కులు, పెచ్చులు వుంటే వద్దనండి. లేచిన పెచ్చు కత్తిలాగా వేలు కోస్తుంది, దాని కిందనుంచి తుప్పు మొదలవుతుంది.

చివరగా జి.ఎస్.టి. రశీదు అడిగి తీసుకోండి. హామీ ఎన్నేళ్లు, ఏది విరిగితే మారుస్తారు, రాచెట్టుకు కూడా వర్తిస్తుందా అన్నది దాని మీద రాయించండి. సరుకు లోపమైతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేసుకునే హక్కు మీకున్నది. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నెంబరు 1915. రశీదు లేకపోతే మన మాట నిలబెట్టడం కష్టం.

ఇంతకూ ఏమేమి కొనాలి? మీటరు పద్ధతి ట్రాక్టరు వున్న రైతుకు నా సలహా ఇది. అర అంగుళం డ్రైవులో, ఆరు మూలలవి, 10, 12, 13, 14, 16, 17, 18, 19, 21, 22, 24, 27, 30 గోటీలు. వీటిలో మీ పుస్తకంలో లేని నెంబర్లు కొట్టివేయండి, వున్నవి చేర్చండి. ఎక్కువగా వాడే రెండు సైజులలో పొడుగు గోటీలు. ఒక రాచెట్టు, ఒక అర మీటరు పిడి, అయిదంగుళాలది ఒకటి, పదంగుళాలది ఒకటి పొడిగింపు కడ్డీలు. మోటారు సైకిలుకు స్పార్కు ప్లగ్గు గోటీ ఒకటి. బండిని బట్టి 16 లేదా 21. ఒకేసారి డబ్బు పెట్టలేనివారు ముందు పిడి, అయిదు గోటీలు మంచివి కొని, పంట చేతికి వచ్చినప్పుడల్లా రెండేసి చేర్చుకోవచ్చు. చౌక పెట్టె మూడుసార్లు కొనడం కంటె ఇది మేలు.

ముప్పావు అంగుళం సెట్టు, మెలిని కొలిచి బిగించే టార్కు పానా ఖరీదైనవి. ఇవి ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములు గాని, రైతు ఉత్పత్తిదారుల సంఘం గాని, యంత్రాలు అద్దెకిచ్చే కేంద్రం గాని ఉమ్మడిగా కొనుక్కోవడం మంచిది. పుస్తకంలో సంతకం పెట్టి తీసుకుపోయి, తుడిచి తిరిగి ఇచ్చే కట్టుబాటు పెట్టుకోవాలి.

ఇక వాడకం. గోటీ పెట్టేముందు బోల్టు తల మీది మట్టి ఇనుప బ్రష్షుతో తుడవండి. మట్టి వుంటే గోటీ సగమే దిగుతుంది. తుప్పు పట్టిన బోల్టుకు ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలించే నూనె వేసి వుంచండి. మరునాడు సుత్తితో బోల్టు తల మీద నాలుగు చిన్న దెబ్బలు వేసి అప్పుడు తిప్పండి. గోటీని, రాచెట్టును సుత్తితో కొట్టవద్దు. పిడిని మీ వైపుకు లాగండి, అవతలికి తోయకండి. తోసినప్పుడు జారితే వేళ్ల కణుపులు పోయి ఇనుముకు తగులుతాయి. ఇంజను ఆపి, రోటవేటరును నేలకు దించి, దాని కింద దిమ్మ పెట్టి, అప్పుడే చేయి పెట్టండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి దూరవద్దు.

చక్రాల నట్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వదులు నట్టు మెల్లగా రంధ్రాన్ని తొలుస్తుంది. చివరకు చక్రం వూడుతుంది. వడ్ల బస్తాలతో, లేదా కూలికి పోయే ఆడవాళ్లతో నిండిన ట్రాలీ చక్రం రోడ్డు మీద వూడితే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. అట్లా అని గొట్టం తొడిగి అతిగా బిగిస్తే మరలు సాగి బోల్టు తెగుతుంది. బండితో వచ్చిన పుస్తకంలో ఎంత మెలికి బిగించాలో రాసి వుంటుంది. ఎదురెదురు నట్లు వరుసగా బిగించి, చక్రం మార్చిన తరువాత కొద్ది గంటలు నడిపి మళ్లీ ఒకసారి బిగువు చూడండి.

పని ముగిసిన తరువాత గోటీలను డీజిలుతో తుడిచి, ఆరబెట్టి, నూనె గుడ్డతో రాయండి. యూరియా బస్తాల పక్కన పెట్టె వుంచవద్దు. ఎరువుల చెమ్మ ఉక్కును తింటుంది. రాచెట్టును ఏడాదికొకసారి విప్పి, కడిగి, పలచని నూనె వేయండి. ముద్ద గ్రీజు వేస్తే పన్ను అతుక్కుని సమయానికి పట్టదు. ప్రతి గోటీకీ పెట్టెలో దాని గుంట వుంటుంది. పని కాగానే ఖాళీ గుంట ఏదైనా కనపడితే అది చేనులోనో, యంత్రంలోనో వున్నట్టు లెక్క. రోటవేటరు మీద మరిచిన గోటీ తిరుగుడు మొదలు కాగానే బండరాయి లాగా ఎగిరి వస్తుంది.

నా తోటి విస్తరణోద్యోగులకు ఒక మనవి. 2020 నుంచి మన రాష్ట్రంలో రైతు వేదికలు ఏర్పడినాయి. విత్తనం, ఎరువు, తెగులు గురించి అక్కడ చెబుతూనే వున్నాము. యాసంగి కోతలు అయి, వానాకాలం దుక్కులు మొదలయ్యే లోపల ఒక్క పూట, ఆటోనగర్ మేస్త్రీ ఒకరిని పిలిపించి, ఒక ట్రాక్టరు, ఒక రోటవేటరు ముందుపెట్టి బోల్టుల లెక్క రాయించండి. ఒక్కొక్క నమూనా ట్రాక్టరుకు ఏ నెంబర్లు పడతాయో పెద్ద కాగితం మీద రాసి గోడకు అంటించండి. పట్నం పోయే రైతు ఆ కాగితం చూసి పోతాడు. ఆడవారిని, చదువుకునే పిల్లలను కూడా పిలవండి. పానా పట్టడానికి కావలసింది కండబలం ఒక్కటే కాదు, సరైన పొడవు పిడి, సరైన నెంబరు.

చివరగా చెప్పినవన్నీ క్లుప్తంగా మరొకసారి. మీ బండి బోల్టులు కొలిచి రాసుకోండి. అర అంగుళం డ్రైవు, ఆరు మూలల గోటీలు, క్రోమ్ వెనేడియం ఉక్కు చూసుకోండి. విడిగా ఒక్కొక్కటి దొరికే రకమే కొనండి. రాచెట్టుతో పాటు పొడుగు పిడి తప్పక కొనండి. నట్లు జేబులో వేసుకుని దుకాణానికి పోయి, రశీదు తీసుకుని రండి. కొన్నదాన్ని తుడిచి, లెక్కపెట్టి దాచుకోండి.

వచ్చే వానాకాలంలో తొలకరి పడిన రోజున మీ బండి ఒక్క బోల్టు కోసం ఆగిపోకూడదని నా కోరిక. సెలవు.